పాత పికప్‌కి హెడ్‌లైట్ వెలుతురు ఎలా పెంచాలి?

ప్రశ్న: పాత డీజిల్ పికప్, 12 వోల్టుల హెచ్4 బల్బులు (ఒకే బల్బులో హై, లో బీములు రెండూ ఉండేవి), హైకి 60, లోకి 55 వాట్లు. రాత్రి రోడ్డు సరిగా కనపడట్లేదు. 100/90 వాట్లవి వేయొచ్చా అన్నా, ఎల్ఈడీ మేలా?

జవాబు: రెండూ వద్దు తమ్ముడూ. 100 వాట్ల వేడికి బల్బు హోల్డర్ కరగొచ్చు, ఎల్ఈడీ ఆ రిఫ్లెక్టర్‌లో ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. ఇంజన్ నడుస్తుండగా లైట్లు వేసి సాకెట్ దగ్గర వోల్టేజ్ కొలువు. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి అక్కడ 12.4 వస్తే లోపం వైరింగ్‌దే. పది శాతం వోల్టేజ్ తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు పోతుంది. అప్పుడు లో, హై బీములకు చెరో 30 ఆంపియర్ల రిలే (స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో బ్యాటరీ కరెంటును నేరుగా బల్బుకి కలిపే పరికరం) పెట్టు. దాని కాళ్ల మీద 30, 87, 86, 85 అని అంకెలుంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా 30వ నంబరు కాలికి, 87 నుంచి బల్బుకి 2.5 చదరపు మి.మీ. రాగి వైరు. పాత సాకెట్ వైరు 86కి, 85 ఎర్తుకి (బ్యాటరీ మైనస్ వైపు).

ఇంకో జవాబు: కొన్ని బండ్లలో స్విచ్ ప్లస్ వైపు కాక ఎర్తు వైపు ఉంటుంది, అప్పుడు పై కనెక్షన్ పనిచేయదు, ముందే మీటరుతో చూసుకోండి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. బల్బు ఎర్తు తుప్పు పట్టిన బోల్టుకి ఇస్తే శ్రమంతా వృథా, నేరుగా మైనస్‌కి లాగండి. రిఫ్లెక్టర్ మసకబారితే రుద్దొద్దు, పూత ఊడుతుంది, మార్చాల్సిందే.