అప్‌డేట్: స్విఫ్ట్‌కి బయట కొన్న అల్లాయ్ చక్రాలు, 90 కి.మీ. వేగం దాటితే స్టీరింగ్ వణుకు

కంపెనీ 15 అంగుళాల చక్రాలు తీసి బయటి 16 వేయిస్తే వణుకు, బ్యాలెన్సింగ్‌కీ పోవట్లేదని అడిగాను కదా, కారణం దొరికింది. పీసీడీ (నట్ల రంధ్రాల అమరిక) 4×100, అంటే 100 మి.మీ. వృత్తం మీద నాలుగు, సరిపోయింది గానీ, చక్రం నడిమి రంధ్రం 73.1 మి.మీ., అందులో దూరాల్సిన స్విఫ్ట్ హబ్ (చక్రం తగిలించే మధ్య భాగం) 54.1. చక్రం హబ్ మీద కూర్చోక నట్ల మీదే ఆగింది. బరంపురంలో ఆ ఖాళీని పూడ్చే 73.1–54.1 హబ్ రింగులు నాలుగు తీసుకున్నాం. అల్యూమినియంవే, ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేడికి ప్లాస్టిక్‌వి మెత్తబడొచ్చు. హబ్ తుప్పు గీకి, జాకీ మీదుండగానే నట్లు ఎదురెదురుగా పట్టించి, దించాక టార్క్ రెంచ్‌తో (బిగింపు బలం చూపే పానాతో) బిగించాం. వణుకు పోయింది.

కొత్త టైరు 195/55 ఆర్16 బయటి వ్యాసం పాత 185/65 ఆర్15తో దాదాపు సమానం, స్పీడోమీటర్‌కి ఢోకా లేదు. టైరు గోడే 120 నుంచి 107 మి.మీ.కి తగ్గింది. రాయగడ–కోరాపుట్ గోతులకి అది రిమ్ములకు గండమే, అందుకే వానల్లో కంపెనీవే ఎక్కిస్తా.