ఎక్స్ఛేంజ్ రేటు: ‘మారకం’ అందామా, ‘పలికిన ధర’ అందామా?

అందరికీ నమస్కారం. తీరిక దొరికినప్పుడల్లా ఒక బిట్‌కాయిన్ వాలెట్ యాప్‌ని తెలుగులోకి తెస్తున్నాను. కొత్త వెర్షన్‌లో ప్రపంచంలోని కరెన్సీలన్నిటి రేట్లూ చేరుస్తున్నారు. సెట్టింగ్స్‌లో మన కరెన్సీ ఎంచుకుంటే, మన దగ్గరున్న బిట్‌కాయిన్ అందులో ఎంత అవుతుందో చూపిస్తుంది. ‘ఎక్స్ఛేంజ్ రేట్’ అని ఉన్నచోట ‘మారకం రేటు’ అని రాశాను. పేపర్లలో ‘డాలరుతో రూపాయి మారకం విలువ’ అని రోజూ చదివేదే కదా.

మా మామయ్యకి ఫోన్ ఇచ్చి చూడమంటే, “మారకం ఏంట్రా, జాతకం చెబుతున్నట్టుంది” అన్నారు. నిజమే, జ్యోతిషంలో మారకం అంటే ప్రాణగండం. లగ్నం నుంచి 2, 7 స్థానాలు మారకస్థానాలు, అందులో రెండోది ధనస్థానం కూడా. అప్పట్నుంచీ ఆ మాట పెట్టాలంటే నాకు టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

వ్యాఖ్య:
అవి రెండు వేరే మాటలండీ. జాతకంలోది సంస్కృతం, చావుకు సంబంధించిన ‘మృ’ ధాతువు నుంచి వచ్చింది. రూపాయి పక్కన ఉండేది మన ‘మారు’ క్రియకి పుట్టిన బిడ్డ. మార్పు, మార్పిడి, మారుబేరం అన్నీ దాని తోబుట్టువులే. రూపం ఒకటైనంత మాత్రాన మన మాటను వదులుకోవడం నాకు ఇష్టం లేదు. పక్కన ‘రేటు’ అనో ‘విలువ’ అనో ఉంటే ఎవరూ పొరబడరు.

వ్యాఖ్య:
మాది తెలంగాణ. నిజాం కాలంలో మా పెద్దవాళ్లు దినామూ రెండు రకాల రూపాయలతో బతికారు. ఇక్కడిది హాలీ సిక్కా, ఇంగ్లీషోళ్లది కల్దారు. 7 హాలీలకు 6 కల్దార్లు లెక్క. ఎవరైనా ధర చెప్పగానే మా నాయనమ్మ ముందు అడిగే మాట “హాలీయా, కల్దారా?” అని. 1950లలో భారత రూపాయే మిగిలాక కూడా చాన్నాళ్లు ఆ అలవాటు పోలేదామెకు. నాణేలు మార్చి ఇచ్చే మనిషిని షరాబు అనేవాళ్లు, మార్చినందుకు అతను పట్టుకునే తరుగు వట్టం. మీ యాప్‌లో ఎక్కడైనా మార్పిడి కమీషన్ ఉంటే ‘వట్టం’ వాడి చూడండి, చక్కటి పొట్టి మాట.

మొదటి పోస్టు రాసినవారు:
వట్టం రాసిపెట్టుకున్నానమ్మా. కానీ ఈ యాప్ కమీషన్ తీసుకోదు, రేటు చూపించి ఊరుకుంటుంది.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. 150కి పైగా కరెన్సీలకి డెవలపర్లు ఒకే వాక్యం ఇచ్చారు, పేరు మాత్రం మారుతుంది. నేను ‘1 [కరెన్సీ]కు’ అని రాస్తే ‘డాలరుకు’ బాగానే వచ్చింది, ‘రూపాయికు’ అని కూడా వచ్చింది! ఇకారం తర్వాత ‘కి’ రావాలని యాప్‌కి ఏం తెలుసు? ‘కి’ అని మారిస్తే ‘రూపాయలకి’ దాకా సర్దుకోవచ్చు గానీ, ఏకవచనం ఎక్కడో బహువచనం ఎక్కడో దానికి చెప్పాలి. చివరికి విభక్తి తీసేసి సమానం గుర్తు పెట్టాను: 1 బిట్‌కాయిన్ = ఇన్ని రూపాయలు. అంకెల్లో కామాలు మాత్రం అన్ని కరెన్సీలకీ లక్షలు, కోట్ల పద్ధతిలోనే ఉంచాను. యెన్‌లైనా సరే, చదివేది తెలుగువాళ్లు కదా. దశాంశాలు కరెన్సీని బట్టి వస్తాయి: యెన్‌కి ఉండవు, కువైట్ దీనారుకి 1000 ఫిల్స్ కాబట్టి మూడు.

వ్యాఖ్య:
గుంటూరు నుంచి. మిర్చి యార్డులో మేం ‘మారకం’ అనం, ‘రేటు ఉంది’ అని కూడా అనం. “ఈరోజు తేజ రకం మిర్చి ఎంత పలికింది?” అంటాం. పలకడం అంటే ఒకడు అడిగి, ఇంకొకడు ఒప్పుకుని, బేరం తెగడం. బిట్‌కాయిన్‌కి రేటు ఎక్కణ్ణుంచి వస్తుందో కాస్త చెప్తారా?

మొదటి పోస్టు రాసినవారు:
బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌కి రూపాయి, డాలరు అన్న సంగతే తెలియదండీ. దానికి తెలిసింది బిట్‌కాయిన్, దాన్ని 10 కోట్ల భాగాలు చేస్తే వచ్చే సతోషీ, అంతే. రేటును యాప్ బయటి ఎక్స్ఛేంజీల నుంచి తెచ్చుకుంటుంది. అక్కడ కొనేవాడూ అమ్మేవాడూ చివరిసారి ఒప్పుకున్న ధర అది, అంటే మీరన్న ‘పలకడమే’. బిట్‌కాయిన్ బేరాలు పెద్దగా జరగని చిన్న దేశాల కరెన్సీలకైతే, డాలర్లలో పలికిన ధరను డాలరు మారకం రేటుతో హెచ్చవేసి చూపించడం మామూలు.

ఇది రాస్తుంటేనే నాకు దారి దొరికింది. బిట్‌కాయిన్ పక్కన ‘చివరగా పలికిన ధర’, డాలరుకీ మిగతా కరెన్సీలకీ మధ్య ‘మారకం రేటు’. రెండు పనులకి రెండు మాటలు. మామయ్యకి మళ్లీ చూపించాను. “పలికిన ధర అంటే ఇప్పుడు అమ్మితే అంతే వస్తుందని కాదన్నమాట” అన్నారు. నేను చెప్పకుండానే ఆయనకి అందింది. ఇంగ్లీషు మాటను అలాగే ఉంచి ఉంటే ఇది తెలిసేది కాదు.

ఇంకొక్కటి మిగిలింది. కువైట్‌లో ఉన్న కడప, గోదావరి జిల్లాలవాళ్లు ఈ గుంపులో ఉంటే చెప్పండి: మీ నోట వచ్చేది ‘దీనార్లా’, ‘దినారాలా’? మీరు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎలా అంటారో అలాగే రాస్తాను.