తండ్రియైన దేవునికి శరీరం ఉందా? మోర్మన్, ప్రొటెస్టంట్ విశ్వాసాల మధ్య అసలు విభేదం ఏది?

చర్చకు పెట్టిన ప్రశ్న

క్రీస్తే రక్షకుడనీ, ఆయన చనిపోయి తిరిగి లేచాడనీ మోర్మన్లు, అంటే యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం వారు, గట్టిగా నమ్ముతారు. అయినా ఆ సంఘం నుండి తమలోకి వచ్చేవారికి బాప్తిస్మం తిరిగి ఇవ్వాలని అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టు సంఘం 2000లో తీర్మానించింది. భారతదేశంలో మోర్మన్ సంఘపు తొలి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాల కూటమి, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది కనుక ఇది మనకు దూరపు ప్రశ్న కాదు. దేవుని గూర్చి ఈ రెండు పక్షాల విశ్వాసం అంత వేరా?

సి.ఎస్.ఐ. సభ్యుడు, మచిలీపట్నం

వేరే. దేవుడు శరీరమూ భాగాలూ వికారాలూ లేనివాడని ఆంగ్లికన్ సంఘపు 39 విశ్వాస సూత్రాలలో మొదటిదే చెబుతుంది. ప్రెస్బిటేరియన్ల వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం కూడా అదే అంటుంది. "దేవుడు ఆత్మ" అని ప్రభువే సమరయ స్త్రీతో అన్నాడు. మోర్మన్ సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1843లో చేసిన బోధ మాత్రం తండ్రికి మానవ శరీరంలాగే తాకి చూడదగిన మాంసమూ ఎముకలూ గల శరీరం ఉందంటుంది. అది నేటికీ వారి 'సిద్ధాంతము మరియు నిబంధనలు' గ్రంథం 130వ ప్రకరణంలో ఉంది.

కడవరి-దిన పరిశుద్ధుల సంఘ సభ్యురాలు, హైదరాబాద్

సహోదరుడు గారు చూపిన సూత్రాలు అపొస్తలుల కాలం గడిచిన ఎన్నో శతాబ్దాలకు రాసినవి. తొలి హతసాక్షి స్తెఫను చనిపోయే ముందు దేవుని కుడిపార్శ్వమున నిలిచిన మనుష్యకుమారుని చూశాడు. యొర్దానులో కుమారుడు నీళ్లలో ఉండగా తండ్రి స్వరం ఆకాశం నుండి వినిపించింది. తామిద్దరూ ఏకమై ఉన్నట్టు శిష్యులూ ఏకమై ఉండాలని ప్రభువు ప్రార్థించినప్పుడు, శిష్యులంతా ఒక్క వ్యక్తి కావాలని కోరలేదు కదా? మా దృష్టిలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు వ్యక్తులు, ఉద్దేశంలో ఒక్కరు. ఇక శరీరం మాటకు వస్తే, తిరిగి లేచిన ప్రభువు తన చేతులూ పాదాలూ చూపించి, కాల్చిన చేప ముక్క తిన్నాడు. ఆ శరీరాన్ని ఆయన తరువాత విడిచిపెట్టాడని మీరు కూడా అనరు. కుమారునికి తగినది తండ్రికి ఎందుకు తగదు?

సంఘ చరిత్ర పాఠకుడు, విజయవాడ

వచనానికి వచనం అప్పగించుకుంటూ పోతే ఈ వాదం తెల్లవార్లూ సాగుతుంది. కుమారుడు శరీరం ధరించాడు గాని దైవస్వభావానికి శరీరం లేదని ప్రొటెస్టంట్లు సులువుగానే జవాబిస్తారు. నా ఉద్దేశంలో గొడవ శరీరం దగ్గర లేదు, సృష్టి దగ్గర ఉంది. 1844 ఏప్రిల్ 7న ఇల్లినాయ్‌లోని నావూలో, బావి పనిలో ప్రాణం కోల్పోయిన కింగ్ ఫాలెట్ అనే సభ్యుని స్మరించుకుంటూ, వేలమంది ఎదుట జోసెఫ్ స్మిత్ ప్రసంగించాడు. దేవుడు ఒకప్పుడు మనలాంటివాడేననీ, లోకాన్ని శూన్యం నుండి కాక అప్పటికే ఉన్న పదార్థం నుండి ఏర్పరచాడనీ, మనిషిలోని చైతన్యాన్ని ఎవరూ సృష్టించలేదనీ అందులో చెప్పాడు. మూడు నెలలు తిరగకముందే కార్థేజ్ జైలులో హతుడయ్యాడు. ప్రొటెస్టంటుకు దేవుడు ఒకవైపు, ఆయన చేసిన సమస్తమూ మరొకవైపు. నడుమ దాటరాని ఎడం. మోర్మన్‌కు ఉన్నది తండ్రీబిడ్డల మధ్య ఉండే ఎడమే, జాతి ఒక్కటే. ఈ తేడా ఒప్పుకున్నాక శరీరం ప్రశ్న దానంతట అదే తేలిపోతుంది.

అయితే ప్రొటెస్టంటు మిత్రులు ఆ ప్రసంగాన్ని మోర్మన్ల లేఖనమన్నట్టు ఉదహరించడం సరికాదు. వారి నాలుగు ప్రామాణిక గ్రంథాలలో అది లేదు. మోర్మన్లు కూడా తమ సొంత గ్రంథాన్ని జాగ్రత్తగా చదవాలి. 1830 నాటి మోర్మన్ గ్రంథంలో, నిజమైన దేవుడు ఒక్కడే ఉన్నాడని అల్మా అనే భాగం 11వ అధ్యాయంలో అమ్యులెక్ అనే బోధకుడు సూటిగా చెబుతాడు. అదే గ్రంథంలో మరియను "దేవుని తల్లి" అన్న చోట 1837 ముద్రణలో "దేవుని కుమారుని తల్లి" అని సవరించారు. జోసెఫ్ స్మిత్ బోధ ఆ పద్నాలుగేళ్లలో క్రమంగా మారిందనే నాకు తోస్తుంది. మనిషి దేవుడు కావడానికే దేవుడు మనిషి అయ్యాడన్న నాలుగో శతాబ్దపు బిషప్పు అథనేసియస్ మాటను మోర్మన్లు తరచూ సాక్ష్యంగా తెస్తారు, కాని అథనేసియస్ దేవుని కృపవల్ల కలిగే పాలుపంపులను గూర్చి మాట్లాడాడే తప్ప, సృష్టి సృష్టిగా ఉండడం మానుతుందని అనలేదు.

సి.ఎస్.ఐ. సభ్యుడు, మచిలీపట్నం

అయితే సహోదరి గారిని ఒక్కటి అడుగుతాను. తనకు ముందు ఏ దేవుడూ లేడనీ, తన తరువాత ఏ దేవుడూ ఉండడనీ యెషయా 43లో యెహోవా అంటున్నాడు. తండ్రి ఒకప్పుడు మనిషే అయితే, అప్పుడు ఆయన ఎవరికి మోకరించాడు?

కడవరి-దిన పరిశుద్ధుల సంఘ సభ్యురాలు, హైదరాబాద్

బబులోను విగ్రహాల ఎదుట ఇశ్రాయేలుతో పలికిన మాటగా మేము ఆ వచనాన్ని చదువుతాము. మీరడిగిన దానికి మా లేఖనాలు జవాబు చెప్పవు, మా ఆదివారపు కూడికల్లో దాన్ని ఎవరూ బోధించరు. మేము ప్రార్థించేది ఈ తండ్రికి ఒక్కరికే, క్రీస్తు నామంలో. మనము దేవుని సంతానమని పౌలు ఏథెన్సులో అన్నదాన్ని మేము ఉపమానంగా కాక ఉన్నదున్నట్టుగా తీసుకుంటాము. మీరు అలా తీసుకోరు.