హ్యాండిల్ లాక్ సగంలో ఆగిపోతోంది, ఎనిమిది నెలల బండికి ఏం చేయాలి?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

నేను ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. గత దసరాకు కొన్న బండికి ఎనిమిది నెలలు కూడా నిండలేదు, కానీ యాసంగి ధాన్యం రావడం మొదలైనప్పటి నుంచి హ్యాండిల్ లాక్ సతాయిస్తోంది. హ్యాండిల్‌ను ఎడమవైపు చివరి దాకా తిప్పి, తాళంచెవిని నొక్కి తిప్పితే ఒక్కోసారి సాఫీగా పడుతుంది, ఒక్కోసారి సగం తిరిగి అక్కడే బిగుసుకుంటుంది. మొన్న తెల్లవారుజామున తాళం తీస్తే మీటరు వెలిగింది, ఇంజను స్టార్టయింది, హ్యాండిల్ మాత్రం ఎడమవైపే ఉండిపోయింది. రెండు మూడుసార్లు అటూ ఇటూ ఊపిన తరువాత టక్కుమని వదిలింది.

షోరూంకు తీసుకెళ్తే ఏదో స్ప్రే కొట్టి, కొత్త బండికి ఇలాగే ఉంటుందని, వాడగా వాడగా సర్దుకుంటుందని చెప్పి పంపించారు. నాలుగు రోజులకే మళ్లీ మొదటికి వచ్చింది. ఈ బండిని నడపవచ్చా? బయట మెకానిక్‌తో విప్పించడం మంచిదేనా?

జవాబు 1 (మహబూబ్‌నగర్ నుంచి, మెకానిక్)

అన్నా, తాళం పడకపోవడం చిరాకు మాత్రమే, కానీ తాళం తీసిన తరువాత కూడా హ్యాండిల్ వదలకపోవడం ప్రమాదం కాబట్టి మీరు రాసిన రెండో సంగతినే పట్టించుకోవాలి. మామూలు బండ్లలో ఇగ్నిషన్ స్విచ్చూ హ్యాండిల్ లాకూ ఒకే దిమ్మలో ఉంటాయి. చెవిని నొక్కి తిప్పినప్పుడు దాని నుంచి ఒక ఉక్కు పిన్ను బయటికి వచ్చి ఎదుటి రంధ్రంలో దిగుతుంది, తాళం తీయగానే లోపలి స్ప్రింగు దానిని వెనక్కి లాగాలి. మీ బండిలో చెవి ఆన్‌కు వచ్చినా పిన్ను వెనక్కి రాలేదంటే స్ప్రింగు బలహీనపడిందో, పిన్ను వంగిందో, జిగురు పట్టిందో అయి ఉండాలి. అలాంటి పిన్ను కొద్దిగా బయటికి ఉండగా సందు మలుపులో హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు కోస్తే అది నడుస్తున్న బండిలోనే రంధ్రంలో పడవచ్చు. అందుచేత సరిచేయించే వరకు లాక్ వేయకుండా చైను తాళం వాడండి, బయలుదేరే ముందు హ్యాండిల్‌ను రెండు వైపులా చివరి దాకా తిప్పి చూసుకోండి.

ఇంట్లో ఉన్న రెండో తాళంచెవితో కూడా ప్రయత్నించండి. దానితో బాగా పనిచేస్తే తప్పు లాక్‌ది కాదు, అరిగిన చెవిది. (ఒకే గుత్తికి ఇంటి తాళాలు, మిల్లు తాళాలు అన్నీ తగిలిస్తే ఆ బరువు ఊగి ఊగి చెవీ అరుగుతుంది, లోపలి పలకలూ అరుగుతాయి.) మిల్లులో తవుడు దుమ్ము ఉంటుంది, దాని మీద నూనె లాంటి స్ప్రే పడితే నాలుగు రోజులు హాయిగా తిరిగి ఆ తరువాత పిండి ముద్దలా పట్టేస్తుంది. మా దగ్గరికి కొబ్బరినూనె పోసిన లాక్‌లు కూడా వస్తుంటాయి, వాటిని కడిగేసరికి పూట గడుస్తుంది. లాక్‌కు పొడిగా ఉండే గ్రాఫైట్ పొడి మేలు.

ఇంకొక మాట. మీరు బండిని స్టేషన్ దగ్గర స్టాండులో పెడతారా? అక్కడ లాక్ వేసిన బండిని వెనక చక్రం ఎత్తి పక్కకు ఈడుస్తారు, ఆ బలమంతా ఆ ఒక్క పిన్ను మీదే పడుతుంది.

జవాబు 2 (నల్లగొండ నుంచి)

పైన చెప్పినది నిజమే, అయితే వారంటీ ఉన్న బండిని బయట విప్పించకండి. చాలా బండ్లలో ఈ దిమ్మను మామూలు పానాకు రాని బోల్టులతో బిగిస్తారు, వాటిని డ్రిల్లు చేసి తీసిన గుర్తులు కనిపిస్తే షోరూంవారికి మంచి సాకు దొరుకుతుంది. ఈసారి వెళ్లినప్పుడు జాబ్ కార్డులో (బండిని సర్వీసుకు తీసుకునేటప్పుడు షోరూంవారు ఫిర్యాదు రాసుకునే కాగితం) ‘జనరల్ చెకప్’ అని రాయనివ్వకుండా, ‘తాళం తీసిన తరువాత హ్యాండిల్ వదలడం లేదు’ అని మీ మాటల్లోనే రాయించి నకలు తీసుకోండి. తెల్లవారుజామున బిగుసుకున్నప్పుడు ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి, ఎందుకంటే షోరూంలో నిలబెట్టిన బండి ఎప్పుడూ బుద్ధిగానే ఉంటుంది.

అప్పటికీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కమిషన్‌కు ఫిర్యాదు ఇవ్వవచ్చు, కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది, చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు మించకపోతే ఫీజు ఉండదు. లాక్ సెట్టు మార్చితే పాత, కొత్త చెవుల వివరాలున్న కాగితం దాచుకోండి, బండి పోయినప్పుడు బీమా కంపెనీలు సాధారణంగా రెండు తాళంచెవులూ అడుగుతాయి.

జవాబు 3 (దేవరకొండ నుంచి)

నేను ఆరేళ్లుగా హ్యాండిల్ లాక్ వేయడమే మానేశాను, చక్రానికి చైను చాలు.

అడిగినవారి నుంచి

అందరికీ ధన్యవాదాలు. రెండో చెవితోనూ అలాగే బిగుసుకుంది. వీడియో చూపించి, జాబ్ కార్డు సరిగా రాయించిన తరువాత దిమ్మను విప్పారు. పిన్ను కొస ఒక పక్కకు ఒరిగి, అంచు మీద గోటితో గీసినట్లు మెరిసే గీత పడి ఉంది. స్టాండు సంగతి అన్న సరిగ్గానే పట్టారు, వారానికి రెండు రోజులు బండిని అక్కడే పెడతాను. వారంటీ కిందనే పెట్రోలు ట్యాంకు మూతతో సహా మొత్తం సెట్టు మార్చారు, తొమ్మిది రోజులు పట్టింది. ట్యాంకు మూత మాత్రం ఇప్పుడు కొంచెం గట్టిగా తిరుగుతోంది, దానిలో ఇంకా ఏ నూనే పోయలేదు.