అప్‌డేట్: కౌన్సిల్ చివరికి ఒప్పుకుంది

ఇంగ్లండ్‌లో మామూలు స్కూల్లో చదివే మా బాబుకి ఆటిజం ఉన్నా, కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) వాడికి ఏ సాయం కావాలో తేల్చే అసెస్‌మెంటే చేయనందని, ఏం చేయాలని అడిగాను కదా. స్కూలు ముందు తన బడ్జెట్‌లోంచి వాడి కోసం 6,000 పౌండ్లు ఖర్చుపెట్టాలన్నది వాళ్ల వాదన. ఈ అసెస్‌మెంట్ గురించి చెప్పే 2014 చట్టంలో (చిల్డ్రన్ అండ్ ఫ్యామిలీస్ యాక్ట్) ఆ షరతే లేదు. మీరు చెప్పినట్టే ట్రైబ్యునల్‌కి అప్పీల్ చేశాం, విచారణ దాకా పోకుండానే దిగొచ్చారు.

అసెస్‌మెంట్ తర్వాత ఈహెచ్‌సీ ప్లాన్ (పిల్లాడి చదువు, ఆరోగ్యం, సంరక్షణ అవసరాలకి ఏ సాయం ఇవ్వాలో రాసే చట్టబద్ధ పత్రం) డ్రాఫ్ట్ వచ్చింది. చదువులో ఇచ్చే సాయాన్ని రాసే సెక్షన్ ఎఫ్‌లో ‘అవసరాన్ని బట్టి పెద్దల సాయం’ అని రాశారు. అలా వదిలేస్తే రేపు ఎవరినీ గట్టిగా అడగలేం. పట్టుబట్టి వారానికి ఎన్ని గంటలో రాయించాం. బాబు స్కూలు అసెంబ్లీలో పిల్లలంతా చేరినప్పటి గోలకి చెవులు మూసుకుని బల్ల కింద దూరేవాడు. ఇప్పుడు వాడికి సాయంగా ఉండే క్లాస్ అసిస్టెంట్ ముందే పక్క గదికి తీసుకెళ్తోంది. ఎంత రిలీఫో!

స్పీచ్ థెరపీ మాత్రం ఇంకా మొదలవలేదు. ప్లాన్‌లో ఉన్నది అందేలా చూడాల్సింది కౌన్సిలే కాబట్టి, నిన్ననే వాళ్లకి రాశాను.