టర్కీ ఖీమా మన కూరలకి పనికొస్తుందా?

ఫ్రిస్కో కోడలు:
ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల హోంవర్క్ చూసుకుంటూ ముప్పావు గంటలో వంట ముగించాలి. అందుకే వారం మధ్యలో గ్రౌండ్ టర్కీతో, అంటే ఇక్కడ అమెరికాలో దొరికే టర్కీ కోడి ఖీమాతో, కూర చేస్తున్నాను. 93 శాతం లీన్ ప్యాకెట్ (అంటే కొవ్వు 7 శాతమే), ఒక పౌండు. పిల్లలు తింటారు. పెద్దవాళ్ళే "ఇదేం కూర" అంటున్నారు. మీ ఇళ్ళలో వాడతారా? రుచి రావాలంటే ఏం చేయాలి?

పల్నాటి కారం:
వాడకండి. ఎంత మసాలా దట్టించినా దూది నమిలినట్టే ఉంటుంది. నేను శనివారం హలాల్ షాపుకెళ్ళి, దగ్గరుండి మేక తొడ మాంసం ఖీమా కొట్టించుకుంటాను. మాంసం కూర అంటే అది.

ఎడిసన్ వంటిల్లు:
పల్నాడు గారూ, దూదిలా ఉందంటే వండిన తీరు బాగోలేదు. టర్కీ నీళ్ళు వదులుతుంది. ఉల్లిపాయ మసాలాలో నేరుగా వేస్తే ఆ నీళ్ళలోనే ఉడికి తెల్లగా ముద్దకడుతుంది. వెడల్పాటి మూకుడు బాగా కాలనిచ్చి, నూనె వేసి, ఖీమాని పల్చగా పరిచి అదిమి వదిలేయండి. గరిటె పెట్టకండి. ముందు నీళ్ళు బుడబుడలాడతాయి, తర్వాత ఆ చప్పుడు చిటపటగా మారుతుంది. అప్పటికి అడుగు ఎర్రబడి ఉంటుంది. అప్పుడు చిదిపి తిరగేయాలి. ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి విడిగా వేయించి కలపాలి. చివర్లో గోంగూరో మెంతికూరో పడితే నీచు వాసన ఉండదు. కూర మిగిలిపోతుందనుకుంటే సగం పచ్చి ఖీమా ముందే తీసి, పుట్నాల పప్పు పొడి కలిపి ఉండలు చేసి వేయించండి.

చికాగో చలి:
వాసన పోవాలంటే జల్లెడలో వేసి పసుపు నీళ్ళతో కడిగితే చాలు.

ఎడిసన్ వంటిల్లు:
వద్దండీ. పచ్చి కోడి, టర్కీ కడిగితే క్రిములు సింకు చుట్టూ చింది పడతాయని యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) చెబుతోంది. లోపలిదాకా 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి తగిలితే అవి చచ్చిపోతాయి. పైగా కడిగితే ఖీమా ఇంకా నీళ్ళు పీలుస్తుంది, ఇక ఎర్రబడదు.

చికాగో చలి:
కడగకుండా మాంసం వండటం మా ఇంటా వంటా లేదు.

పల్నాటి కారం:
కడగడం సంగతి అటుంచండి. అందరూ ఆరోగ్యం పేరు చెప్పి టర్కీ కొంటారు. యూఎస్‌డీఏ లెక్కల్లోనే 100 గ్రాముల వండిన మేక మాంసంలో కొవ్వు 3 గ్రాములు. మీ 93 శాతం ప్యాకెట్‌లో పచ్చిగానే 7 గ్రాములు. మరి ఏది ఆరోగ్యం?

ఎడిసన్ వంటిల్లు:
అది కొవ్వు తీసేసిన మాంసం లెక్క. షాపులో మిషన్‌లో వేసేటప్పుడు ఎంత కొవ్వు కలిసిందో మీకు తెలుసా? ప్యాకెట్ మీద అంకె రాసి ఉంటుంది. ఫ్రిస్కో గారూ, 99 శాతం రకం ఉత్త రొమ్ము మాంసం, కూరలో ఎండిపోతుంది. 85 శాతం తీసుకోండి, నూనె తగ్గించండి.

పల్నాటి కారం:
దగ్గరుండి కొట్టించుకుంటానని చెప్పాను కదా. అంకెలతో రుచి రాదు. మా నాన్నగారు ఊర్నుంచి వచ్చినప్పుడు మా ఇంట్లో టర్కీ ఖీమా పెట్టారు. ఆయన ఒక్క ముద్ద తిని, పక్కకి నెట్టి, పెరుగన్నం కలుపుకున్నారు. అంత దూరం నుంచి వచ్చిన మనిషి. నాకు ప్రాణం చివుక్కుమంది.

ఫ్రిస్కో కోడలు:
ఆ రోజు వండింది మీరేనా?

పల్నాటి కారం:
మా ఆవిడ. అయితే ఏంటి?

ఫ్రిస్కో కోడలు:
ఆవిడకి ఎలా అనిపించిందో అడిగారా? మా ఇంటికి భోజనానికొచ్చిన వాళ్ళ ముందు మావారు "మా అమ్మ ఖీమా తింటే మీకు తెలిసేది" అన్నారు. ఆయన పొయ్యి ముట్టించరు. మేక ఖీమా అంటే షాపు దూరం, కుక్కర్ విజిల్స్, ఆ గిన్నెలన్నీ తోమడం. పనిరోజు సాయంత్రం అదంతా ఎవరు చేస్తారు? వండని వాళ్ళు వంకలు పెడుతుంటే టర్కీ అయితే ఏం, మేక అయితే ఏం!

పల్నాటి కారం:
వారమంతా పనిచేసి, శనివారం గంట డ్రైవ్ చేసి తెస్తున్నాను. అది పని కాదా? నా బాధ మీకు అర్థం కావట్లేదు. మా అమ్మ పోయింది. ఆ రుచి తగిలేది ఆ ఒక్క కూరలోనే. దాని బదులు టర్కీ వచ్చిందంటే, ఇక ఇంట్లో ఆ కూర ఎవరికీ అక్కర్లేదన్నట్టు ఉంటుంది.

కూకట్‌పల్లి కుర్రాడు:
ఇక్కడ నాకు టర్కీ దొరకలేదు, చికెన్ ఖీమాకీ ఎడిసన్ గారు చెప్పినట్టే చేశా. బాగా వచ్చింది.

ఫ్రిస్కో కోడలు:
అమ్మ రుచి కావాలనుకోవడం తప్పు కాదండీ. అది మీ ఆవిడ చేతిలోంచే రావాలనడం ఏం న్యాయం? మేక ఖీమా తెచ్చిన శనివారం మీరే వండండి. వారం మధ్యలో ఆవిడ ఏం వండితే అది తినండి.

పల్నాటి కారం:
నాకు వండటం రాదు. అమ్మ ఎప్పుడూ వంటింట్లోకి రానివ్వలేదు.

ఎడిసన్ వంటిల్లు:
రాకపోతే నేర్చుకోవాలి. మేక ఖీమా అయినా ముందు నీళ్ళు ఇగరబెట్టడమే. ఎక్కడ ఆగితే అక్కడ అడగండి, రాస్తాను.

చికాగో చలి:
మేక ఖీమా కూడా కడగాల్సిందే.