కరెంటు బండ్లకు సర్కారు డబ్బులు ఎందుకు? కర్నూలు, కడప, అనంతపురం వాళ్లు మాట్లాడండి

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
మొన్న రాజ్‌విహార్ దగ్గర టీ తాగుతుంటే ఒకాయన గట్టిగానే అన్నాడు: "లీటరు లీటరుకీ పన్ను కట్టేది మేము, ఆ డబ్బుతో ఎలక్ట్రిక్ స్కూటరు కొనుక్కునేది వీళ్లు" అని. వీళ్లు అంటే నేనే. పక్కనే నా బండి ఉంది.

కాబట్టి లెక్క ఇక్కడ పెడుతున్నా. కరెంటు బండ్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చిన ఫేమ్-2 పథకం 2019 ఏప్రిల్‌లో 10,000 కోట్లతో మొదలై 2024 మార్చితో అయిపోయింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి దాని చోట పీఎం ఈ-డ్రైవ్ పథకం, 10,900 కోట్లు. స్కూటరుకు ఒక దశలో బ్యాటరీ కిలోవాట్ అవర్‌కు (అంటే ఒక యూనిట్ కరెంటు పట్టేంతకు) 15,000 ఇచ్చారు. 2023 జూన్‌లో దాన్ని 10,000 చేశారు, ఈ-డ్రైవ్‌లో 5,000 చేశారు, మరుసటి ఏడాది 2,500. ఎక్కడ దోచిపెట్టారు? తగ్గించుకుంటూనే వచ్చారు కదా. నేను 2022లో కొన్నా, మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ, 45,000 తగ్గింది. ఇప్పుడు 100 కిలోమీటర్లకు పాతిక రూపాయల కరెంటు. పెట్రోలు స్కూటరయితే 220 పైమాటే. నా మాట ఒక్కటే: ఇంకో పదేళ్లు ఇవ్వాలి.

షెడ్డు_సుబ్బడు (కడప)
సార్, ఎర్రగుంట్ల కాడ ఆర్టీపీపీ, అదే రాయలసీమ థర్మల్ కరెంటు కేంద్రం, పొగగొట్టాలు ఎప్పుడన్నా చూసినారా? 1,650 మెగావాట్లు, అంతా బొగ్గే. మీ బండి పొగ మీ ఎనక రాదు, మా ఊరి మీద వస్తాది. కర్నూల్లో గాలి బాగుండాలని మేం బూడిద మింగల్లనా? దానికి సబ్సిడీ కూడానా?

తుంగభద్ర_గట్టు
ఈ బొగ్గు వాదన ఎప్పుడూ వచ్చేదే. పెట్రోలు ఇంజన్లో పోసినదాంట్లో పావు వంతుకు అటూ ఇటుగా చక్రానికి అందుతుంది, మిగతాది వేడిగా పోతుంది. మోటారు అట్లా కాదు, ఎనభై శాతం పైనే చక్రానికిస్తుంది. పైగా మా ఓర్వకల్లు, గని, శకునాల వైపు వెళ్లి చూడండి. 1,000 మెగావాట్ల సోలార్ పార్కు, కంటికి ఆనినంత మేర పలకలే.

షెడ్డు_సుబ్బడు
మీరు బండి చార్జింగ్ పెట్టేది రాత్రి పది గంటలకు గదా. అప్పుడు సోలార్ యాడిది, వెన్నెల్లో తీస్తాండారా?

పెన్న_పిల్లోడు (అనంతపురం)
😂😂 వెన్నెల

తుంగభద్ర_గట్టు
నవ్వండి, నవ్వండి. ఆ ప్రశ్నకు జవాబే పగటి పూట చార్జింగ్. ఆఫీసుల దగ్గర, బస్టాండ్ల దగ్గర పాయింట్లు ఉంటే మధ్యాహ్నం ఎండలో తయారైన కరెంటే బండిలోకి వెళ్తుంది. ఈ-డ్రైవ్‌లో 2,000 కోట్లు అందుకే పెట్టారు. 72,300 చార్జర్లు లక్ష్యం, అందులో 48,400 స్కూటర్లకు, ఆటోలకే. డబ్బు వద్దంటూనే చార్జర్లు లేవంటారు, ఏదో ఒకటి అనండి.

కూడేరు_కోడలు (అనంతపురం)
నాకు స్కూటరూ వద్దు, చార్జరూ వద్దు. పొద్దున ఏడున్నరకి పల్లె వెలుగు ఎక్కితే ఒంటికాలి మీద నిలబడాల. 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్లకి టికెట్ లేదు, మంచిదే, నేనూ వాడుకుంటా. కానీ ఎక్కేవాళ్లు పెరిగినంత బస్సులు పెరగలా. పీఎం ఈ-బస్ సేవ కింద కర్నూలుకు, కడపకు, మా అనంతపురానికి తలా 50 కరెంటు బస్సులు రాసినారు కదా. ఒక బస్సులో అరవై మంది పోతాం. ఒక స్కూటరు మీద సార్ ఒక్కరే పోతారు. డబ్బు యాడ పెట్టాలో దీనికి చర్చ కూడానా?

తుంగభద్ర_గట్టు
అమ్మా, బస్సులకూ ఇస్తున్నారు. ఈ-డ్రైవ్‌లో పెద్ద వాటా బస్సులదే, 4,391 కోట్లు. ఒకటిస్తే ఇంకోటి ఇవ్వకూడదని ఎవరన్నారు?

కూడేరు_కోడలు
మా ఊరికి రాసినవి 50 అన్నాను, మీరు 4,391 కోట్లు అంటారు. కోట్లు ఎక్కి పోలేను సార్.

షెడ్డు_సుబ్బడు
ఇంగో మాట. 2022లో విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి మనిషి పోయినాడు. కడప ఎండ తెలుసు కదా, మే నెల్లో రేకుల షెడ్డులో స్పానర్ పట్టుకుంటే చెయ్యి కాల్తాది. ఆ ఎండలో నిలబెట్టిన బండిని తెచ్చి రాత్రి మంచం పక్కన చార్జింగ్ పెడ్తారు.

తుంగభద్ర_గట్టు
అందుకే కదా ఆ ఏడాది డిసెంబరు నుంచి బ్యాటరీ పరీక్షలు కఠినం చేశారు. ఎండలోంచి తెచ్చిన బండి చల్లారాక పెట్టమని పుస్తకంలో రాసుంటుంది. చదవరు.

గుత్తి_రోడ్డు (అనంతపురం)
అన్నా, 80 వేల లోపు మంచి స్కూటరు ఏదో చెప్పండి. సబ్సిడీ గోల తర్వాత చూద్దాం.

మూడుచక్రాలు (కర్నూలు)
పొద్దున్నుంచి చదువుతాన్నా. నాది కరెంటు ఆటో, రెండేండ్లాయ. నంద్యాల చెక్‌పోస్టు స్టాండు. అందుకని నాది కూడా వినండి.

బండి మంచిదే. డీజిలు లేదు, చప్పుడు లేదు, సాయంత్రానికి చెవులు మొద్దుబారవు. కష్టమంతా ఇంటికి పోయినాక. మేముండేది మూడు గదుల ఇల్లు, గదికో కుటుంబం, మీటరు ఒకటే. ఆటో రోజుకు ఎనిమిది యూనిట్లు తాగుతాది, నెలకు 240. మూడిండ్ల వాడకం దాంట్లో కలిస్తే బిల్లు 225 యూనిట్లు దాటిపోతాది, ఆ పైన 400 దాకా యూనిట్ 8.75. ఓనరమ్మ మొదటి నెల బిల్లు తెచ్చి మా గడప మీద పెట్టింది, ఏమీ మాట్లాడల్యా. రెండో నెల కిటికీలోంచి లాగిన వైరు పీకేసింది.

ఇప్పుడు తెలిసినోళ్ల వెల్డింగు షాపులో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా పెడతాన్నా. సార్ చెప్పినట్టు ఎండ కరెంటే. కానీ స్కూళ్లు వదిలే టైమూ అదే. నాకు బేరం పోతాది.

తుంగభద్ర_గట్టు
ఈవీకి విడిగా కనెక్షన్ తీసుకోవచ్చు, దానికి స్లాబుల గొడవ ఉండదు. తెలుసుకోకుండా బాధపడితే ఎవరేం చేస్తారు? పథకాలు ఉంటాయి, చదువుకోవాలి. మనవాళ్లతో వచ్చిన చిక్కే ఇది.

మూడుచక్రాలు
అడిగినా సార్. ఇంటి కాగితాలు, ఓనరు సంతకం కావాలన్నారు. వైరు పీకిన మనిషి సంతకం పెడ్తాదా? చదువుకోవాలంట! మీ 45,000 నాకు చదవకుండానే అర్థమైంది. నా ఆటోకూ సబ్సిడీ వచ్చింది, కాదనను. కానీ బండికిచ్చినారు, బండి పెట్టుకునే చోటుకు ఇయ్యలా. మీకు పోర్టికో ఉంది, ప్లగ్గుంది, మీటరు మీ పేర ఉంది. అందుకే మీకు 100 కిలోమీటర్లు పాతిక రూపాయలు. నాకు పాతిక కాదు. పెట్రోలు మీద రాష్ట్రం పన్నే 31 శాతం, దానిమీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డుకని ఇంకో రూపాయి. అది కట్టేదాంట్లో మా స్టాండు పిల్లోళ్ల బైకులు కూడా ఉన్నాయి.

ఒకటడుగుతా, కోపం తెచ్చుకోవద్దండి. మీ ఇంట్లో అద్దెకుండేవాళ్లున్నారా?

పెన్న_పిల్లోడు
సార్ పేరు పక్కన పచ్చచుక్క ఇరవై నిమిషాల నుంచి వెలుగుతానే ఉండాది

షెడ్డు_సుబ్బడు
ఇంతసేపూ నేను బొగ్గు అంటాంటే ఇప్పుడు కదా అసలు మంట అంటుకునింది.

తుంగభద్ర_గట్టు
ఉన్నారు. కింద పోర్షన్లో ఒక అబ్బాయి, సరుకులు డెలివరీ చేస్తాడు. పోయినేడు ఎలక్ట్రిక్ స్కూటరు కొంటానంటే నేనే వద్దన్నాను. ఇంటి వైరింగ్ పాతది, భయం.

మూడుచక్రాలు
మరి మీ బండి?

తుంగభద్ర_గట్టు
పోర్టికోకు విడిగా లైను లాగించా. 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తింగుతో సహా.

మూడుచక్రాలు
ఎంతాయ సార్?

తుంగభద్ర_గట్టు
1,800.

కూడేరు_కోడలు
10,900 కోట్ల దగ్గర మొదలుపెట్టి 1,800 దగ్గరకొచ్చినాం.

తుంగభద్ర_గట్టు
వెటకారం వద్దమ్మా. ఓనరుగా నా వైపు నుంచీ చూడండి. నెల చివర బిల్లు ఎవరు కట్టాలని మళ్లీ పంచాయితీ. ఇవన్నీ ఏ పథకంలోనూ రాయరు.

మూడుచక్రాలు
అదే కదా సార్ నేను గంట నుంచి మొత్తుకునేది. హైవే మీద చార్జరు పెడితే కార్లోళ్లకు పనికొస్తాది. వెంకటరమణ కాలనీలో, జొహరాపురంలో అద్దె ఇండ్ల సందుల్లో మా బండ్లకు ఎవరు పెడతారు?

గుత్తి_రోడ్డు
సరే 90 వేల లోపు అయినా చెప్పండన్నా

తుంగభద్ర_గట్టు
మూడుచక్రాలు గారూ, ఆ అబ్బాయితో ఇప్పుడే మాట్లాడి వచ్చా. బండి ఇంకా కొనలేదంట. సబ్‌మీటరు పెట్టిస్తా, యూనిట్‌కు తొమ్మిదిన్నర ఇవ్వమన్నా.

మూడుచక్రాలు
మీకు పడేది 8.75 కదా సార్.

తుంగభద్ర_గట్టు
వైరు ఖర్చు ఉంటుంది కదా.

మూడుచక్రాలు
1,800 వచ్చేదాకా తీసుకోండి. ఆ తర్వాత బిల్లు చూపించి తీసుకోండి. స్కూళ్లు వదిలినారు, పోతాన్నా.